వుజూ మళ్ళీ మళ్ళీ చేయాలనిపిస్తే: వస్వసా, మెదడు

ప్రశ్న: మోచేయి తడవలేదేమోనని వుజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కోవడం) పదేపదే చేస్తున్నాను, నమాజులో దైవదూషణ లాంటి ఆలోచనలు వస్తున్నాయి. పాపమా, జబ్బా?

పాపం కాదు. మనసులో మెదిలినదాన్ని నోటితో అననంతవరకు, చేతల్లో పెట్టనంతవరకు అల్లాహ్ మన్నించాడని హదీసు (ప్రవక్త మాట). మనసులో ఇలా మెదిలే అనుమానాలకు, చెడు ఆలోచనలకు ఇస్లాంలో పేరు వస్వసా.

రోజూ ఇలా వేధిస్తుంటే మాత్రం అది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, పదేపదే చేయించే పనులు ఉండే మానసిక జబ్బు) కావచ్చు. ఇందులో కళ్ళ పైనున్న మెదడు భాగం, లోపల ఉండే కాడేట్, థాలమస్ అనే భాగాలు కలిసిన వలయం "ఏదో తప్పింది" అనే సంకేతాన్ని ఆపకుండా తిప్పుతుంది. మళ్ళీ కడిగితే కాసేపు హాయి. ఆ హాయే అలవాటును బిగిస్తుంది.

ఫిఖ్‌హ్ (ఇస్లాం ధర్మశాస్త్రం) సూత్రం, ఓసీడీ చికిత్స ఇక్కడ భలే కలుస్తాయి: అనుమానం నిశ్చయాన్ని చెరపదు. ఒక్కో అవయవం గరిష్ఠంగా 3 సార్లు కడిగి, కుళాయి కట్టేసి, నేరుగా నమాజుకు నిలబడండి. ఆందోళన పెరుగుతుంది, పెరగనివ్వండి. తిరిగి చూసుకోకపోతే దానంతటదే దిగుతుంది.

చాలామంది బోల్తాపడేది ఒక్కచోటే: "నా వుజూ చెల్లిందా?" అని ఇమాంను రోజూ అడగడం. అదీ మళ్ళీ కడగడం లాంటిదే, కాసేపే హాయి. తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. మందులు పనిచేయడానికి తరచు 8–12 వారాలు పడుతుంది.