బెంగళూరు మారతహళ్లి తెలుగు యువ బృందం: నెల తిరక్కుండానే సభ్యులు తగ్గిపోతున్నారు (సమాధానం)

మీ బృందం ఆదివారాల్లో మెట్లున్న హాల్లో కలుస్తోందనీ, వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి ఒకరున్నారనీ, వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారనీ రాశారు. 20 మందితో మొదలై నాలుగో ఆదివారానికి 6 మందికి పడిపోయిందంటే, లోపం కార్యక్రమాల్లో కాదండీ. కొత్తవాళ్లకు చేతిలో పని లేదు, అన్నీ పాతవాళ్లే చేసేస్తున్నారు.

1. రెండోసారి వచ్చిన ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి చిన్న పని అప్పజెప్పండి: హాజరు రాయడం, టీ చెప్పడం. "ఎవరైనా చేస్తారా?" అని గ్రూపులో అడిగితే ఎప్పుడూ ఆ నలుగురే ముందుకొస్తారు.

2. చాలామంది వదిలేసేది ఇదే: రానివాళ్లకు రెండు రోజుల్లోపు విడిగా ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "రావడానికి ఏది ఇబ్బందైంది?" అనండి. అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది. బెంగళూరులోనే పెరిగిన చాలామందికి తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. అందుకే వాట్సాప్ మెసేజ్‌తో పాటు అర నిమిషం వాయిస్ కూడా పెట్టండి. ఆదివారం షిఫ్టు ఉన్నవాళ్ల కోసం నెలకొకసారి వేరే రోజు కలవండి.

3. వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి కోసం మెట్లున్న ఆ హాలు మార్చేయండి. ఎత్తుకుని తీసుకెళ్తామనడం సాయం కాదు, తనంతట తాను రాగలగాలి. 6 అంగుళాల ఒక్క మెట్టుకే కనీసం 6 అడుగుల ర్యాంప్ (వాలు దారి) కావాలి. వాన లేని రోజుల్లో కబ్బన్ పార్క్ మేలు, అక్కడి మెట్రో స్టేషన్‌లో లిఫ్టు ఉంది.