అశోక్‌నగర్ అని ఎందుకు చెప్పావు?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది కరీంనగర్ దగ్గర ఒక ఊరు. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి నాలుగేళ్లుగా ఉట్నూరు ఏజెన్సీలో పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థలో ఉన్నాను. గోండు, కొలాం గూడేల్లో బడి మానేసిన పిల్లల్ని తిరిగి పంపడం, బాల్యవివాహాలు ఆపడం, తల్లిదండ్రులు లేని పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి తీసుకెళ్లడం నా పని. జీతం తక్కువ, అది కూడా నెలనెలా రాదు. ఎంత చేసినా మళ్లీ మొదటికే వస్తుంది, ఇక్కడివాళ్లకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదు. మా బాపు రిటైరైన టీచర్. నేను హైదరాబాద్‌లో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నానని చుట్టాలందరికీ చెబుతారు. మొన్న మేనత్త వాళ్ల గృహప్రవేశంలో ఒకరు అడిగితే నేను కూడా అశోక్‌నగర్‌లో కోచింగ్ అని చెప్పేశాను. ఇప్పుడు పుణేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి సంబంధం వచ్చింది. పని మానేసి పెళ్లి చేసుకోనా, నిజంగానే గ్రూప్-2 రాయనా, ఇక్కడే ఉండిపోనా? ఒకటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు.

జవాబు: నా కూతురి వయసుదానివి, నువ్వు అనే రాస్తాను.

ముందు ఆ సంబంధం సంగతి తేల్చేద్దాం. ఆ అబ్బాయి వాళ్లకు తెలిసిందల్లా హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక అమ్మాయి. ఆ అమ్మాయి లేదు. లేని మనిషికి వచ్చిన సంబంధం నువ్వు చేసుకోవాలా వద్దా అని నన్నడిగితే నేనేం చెప్పను? గ్రూప్-2 కూడా అంతే. రాయాలని నీకుంటే శుభ్రంగా రాయి, తప్పేం లేదు. బాపు చెప్పిన మాట నిజం చెయ్యడానికి మాత్రం రాయకు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నా నీకు నిద్ర పట్టదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైన క్లుప్తంగానే వేశాం కానీ, నువ్వు రాసిన నాలుగు పేజీల్లో రెండు పేజీలు ఒక తొమ్మిదో తరగతి పిల్ల గురించే ఉన్నాయి. దీపావళికి గోండుల దండారీ పండగ అని ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికెళ్లింది, బడి తెరిచి మూడు వారాలైనా రాలేదు, నువ్వు వెతుక్కుంటూ వెళ్తే పత్తి చేలో ఉంది. ఎండిన కాయల మొనలు గుచ్చుకుని వేళ్ల చివర్లన్నీ చీరుకుపోయి ఉన్నాయని, నిన్ను చూడగానే చేతులు వెనక్కి పెట్టుకుందని రాశావు. పదిహేనేళ్ల పిల్లకు అప్పటికే పెళ్లి మాట అయిపోయింది. నువ్వు ఫిర్యాదుతో మొదలుపెట్టలేదు. కేసంటూ పెడితే పెళ్లి ఆగుతుంది కానీ ఆ పిల్ల మళ్లీ ఆ ఇంట్లోనే కదా బతకాలి అని, పటేల్ ఇంటి అరుగు మీద పొద్దున్నుంచి చీకటి పడేదాకా కూర్చున్నావు. వాళ్లమ్మ జొన్నరొట్టె పెడితే తిన్నావు. తండ్రి మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. విప్పాక తెలిసింది, షావుకారు అప్పు, ఇంట్లో మరో ఇద్దరు ఆడపిల్లలు, వచ్చిన సంబంధం పోతే ఎలా అని భయం. చివరికి చిన్నమ్మ ముందుకొచ్చి నేను ఉంచుకుంటా, మా ఊరి నుంచి చదువుకుంటది అంది. కమిటీ కూడా పిల్లను హోంకు పంపకుండా చిన్నమ్మ దగ్గరే ఉంచింది.

ఆ తండ్రి దగ్గర కూర్చున్నంత సేపు నీ తండ్రి దగ్గర ఎప్పుడైనా కూర్చున్నావా?

నాలుగేళ్లుగా ఆయన ఒక అబద్ధం చెబుతున్నారు, నువ్వు ఊళ్లోకి వెళ్లినప్పుడల్లా దానికి వంత పాడుతున్నావు. అమ్మ మధ్యలో ఉండి, మీ బాపుకు బీపీ, ఇప్పుడేమీ అనకు అంటుంది. మన ఇళ్లల్లో అమ్మల్ని పోస్టు డబ్బాలు చేసేశాం, తండ్రికి చెప్పాల్సిన ప్రతి మాటా ఆవిడలో వేసి వచ్చేస్తాం, ఆవిడ అందులో సగమే అందజేస్తుంది. బాపు ఎందుకలా చెబుతున్నారని నువ్వు ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. నా పని ఆయనకు నామోషీ అని నీకు నువ్వే రాసేసుకున్నావు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి పిల్లల పని నామోషీ ఎందుకవుతుంది? నాకైతే ఆయనకు జీతం ఎంత, పర్మనెంటా అని అడిగే చుట్టాలంటే భయం అనిపిస్తోంది. అడవిలో ఒక్కతే ఆడపిల్ల అనే భయం ఇంకొకటి. నామోషీ వేరు, ఈ భయాలు వేరు. నువ్వు అడిగితే తప్ప ఏదో తెలియదు.

అశోక్‌నగర్ అన్నందుకు నాకు కోపం వచ్చింది, దాచను. తండ్రి పరువు కాపాడటం కూతురి బాధ్యతే, నేను కాదనను. కానీ నిన్ను నువ్వు చెరిపేసుకుని కాపాడేది పరువు కాదు. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకున్నట్టే నువ్వు గృహప్రవేశంలో నీ నాలుగేళ్లను వెనక్కి పెట్టుకున్నావు.

ఇంకో మాట కూడా అనాలి. ఇక్కడివాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదని రాశావు. అలసిపోయి రాశావని తెలుసు, అయినా ఆ వాక్యం కొట్టెయ్యి. ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు పుస్తకం పట్టుకుని నెలల తరబడి నోరు మూసుకుని కూర్చుంటే ఆ మౌనాన్ని మనం శ్రద్ధ లేకపోవడం అంటాం. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కొలామీ, కోయ లాంటి ఎనిమిది భాషల్లో బడి మొదలుపెట్టింది ఈ కష్టం చూసే. అంతకు చాలా ముందే, కుమురం భీం 1940లో చనిపోయాక, వియన్నా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయి అనే గోండు గూడెంలో ఉండి 1943లో గోండు యువకులకే టీచరు శిక్షణ మొదలుపెట్టాడు. వాళ్లు చదువుకుని వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో చెప్పారు. శ్రద్ధ లేనివాళ్లు చేసే పనా అది? నేను మార్లవాయి వెళ్లాను. ఆయన భార్య బెట్టీ సమాధి అక్కడే ఉంది. ఎక్కడో పుట్టిన ఆవిడ ఆ గూడెంలో మట్టిలో కలిసింది, నువ్వు కరీంనగర్ నుంచి వెళ్లి నాలుగేళ్లకే "ఇక్కడివాళ్లు" అంటున్నావు.

నీ పని ఏమిటో నీకే గుర్తు చెయ్యాల్సి వస్తోంది. 2015 బాలల న్యాయ చట్టం పిల్లను సంస్థలో పెట్టడం అన్నిటికన్నా చివరి మార్గం అంటుంది. ముందు కుటుంబం, తర్వాత దగ్గరి చుట్టం, ఆ తర్వాతే హోం. అందుకే చిన్నమ్మ కోసం అంతసేపు ఆగావు. మరి నీ ఇంటి విషయం వచ్చేసరికి కుటుంబాన్ని మొదట్లోనే వదిలేసి తిన్నగా పెళ్లి, పరీక్ష అని ఎటు పారిపోవాలా అని చూస్తున్నావు.

జీతం సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పిల్లల కోసం పనిచేసేవాళ్లు పస్తుండాలని ఎక్కడా లేదు. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీఓ (పిల్లల అభివృద్ధి పథకం అధికారి) పోస్టులు పడితే రాయి, అవి నీ పనికి దగ్గరి ఉద్యోగాలు, నాలుగేళ్లు గూడేలు తిరిగినదానివి నీకంటే బాగా ఎవరు చేస్తారు. సంస్థవాళ్లను రావాల్సిన జీతం గట్టిగా అడుగు, మొహమాటపడకు.

ఇక బాపు. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. ఈ ఆదివారం పొద్దున బస్సెక్కు. ఉట్నూరులో ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఒక డబ్బా పట్టుకెళ్లు. అమ్మను వంటింట్లోకి పోనివ్వకు, ముగ్గురూ కూర్చోండి. చుట్టాల ముందు ఆయన్ని తప్పు పట్టకు, ఆ మాట ముగ్గురి మధ్యే ఉండాలి. అరుస్తారు, లేచి బయటికి వెళ్లిపోతారు, వెళ్లనివ్వు. తిరిగొచ్చేదాకా కూర్చో, అది నీకు అలవాటే కదా. వచ్చాక ఆ పత్తి చేను పిల్ల సంగతి మొదటి నుంచి చెప్పు. టీచర్ కాబట్టి మధ్యలో ఏదో ఒకటి అడుగుతారు, ఏం చదువుతోందనో, లెక్కలు ఎలా చేస్తుందనో. అక్కడి నుంచి మీ ఇద్దరికీ మాటలు వస్తాయి. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు రమ్మని పిలువు. మెస్రం వంశంవాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు మోసుకుని నడిచి వస్తారు, అది చూపించు, నువ్వు తిరిగే దారులు చూపించు.

పుణేవాళ్లకు నిజం బాపు నోటితోనే వెళ్లాలి. వారం దాకా ఆయన చెయ్యకపోతే నువ్వే ఫోన్ చెయ్యి. ఆదివారం ఏమైందో నాకు రాయి, ఎదురుచూస్తుంటాను.