ఫుషిమికి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి రవికి, అత్తయ్య ఆశీస్సులు.

స్నేహితులతో జపాన్‌లో క్యోటో నగరపు ఫుషిమి వెళ్లి, బియ్యంతో చేసే సాకే అనే మద్యం దాచిన పాత గిడ్డంగుల్లో పెట్టిన హోటళ్లు, దుకాణాలు చూసొస్తావని మీ నాన్న చెప్పాడు. నీ అంతట నువ్వు ఊళ్లు తిరిగేవాడివయ్యావని సంతోషించాను. ఫోను పెట్టేశాక భయమూ పట్టుకుంది.

కేహాన్ రైల్లో చుషోజిమాలో దిగితే అన్నీ నడక దూరమే. గుర్తింపు కార్డు మరచిపోకు.

ఇక అసలు సంగతి. ఖాళీ కడుపుతో గుటకైనా తాగకు. మేము ఒసాకాలో ఉన్నప్పుడు మీ మామయ్య ఆఫీసులో ఒక తెలుగు అబ్బాయి ఉండేవాడు, శాకాహారి. అలాంటి గిడ్డంగి హోటలుకే అతన్నీ తీసుకెళ్లాం. వచ్చినదల్లా కోడిమాంసమే, సూపులో కూడా ఎండుచేప రసం. పాపం, ఏమీ తినలేదు. మొహమాటానికి రుచి చూసే గిన్నెలు మూడు తాగాడు. ఉగ్గుగిన్నెలంతే ఉంటాయి కదా, ఏమవుతుందనుకున్నాడు. సాకే చల్లగా, తియ్యగా దిగిపోతుంది కానీ, అందులో ఆల్కహాలు 15, 16 శాతం. కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నాడు. స్టేషను చేరేసరికి ముఖం పాలిపోయింది, చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. ప్లాట్‌ఫారం అంచుకు తూలుతుంటే మీ మామయ్య నడుము పట్టి వెనక్కి లాగాడు. అప్పుడే రైలొచ్చింది. ఇంకొక్క అడుగు పడి ఉంటే ఆ తల్లికి ఏమని చెప్పేవాళ్లం?

అందుకే, మీ అమ్మ పంపిన పులిహోర గుజ్జు కలుపుకుని కడుపునిండా తిని బయలుదేరు. ఎవరైనా పోయబోతే గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టు. పక్కన మంచినీళ్లు ఉంచుకుని గుటక గుటకకీ తాగు. కారు అద్దెకు తీసుకోవద్దు. తాగి నడిపినవాడినే కాదు, తెలిసీ ఎక్కినవాడినీ ఆ దేశపు చట్టం వదలదు. సాకే తయారయ్యే గదులు కూడా చూడనిస్తే ఆ పొద్దున నట్టో, అదే పులియబెట్టిన సోయా గింజలు, తినకు. అందులోని సూక్ష్మజీవి, సాకే కోసం బియ్యం మీద పెంచే కోజి అనే బూజును చెడగొడుతుందని వాళ్లకు భయం.

ఇన్ని చెప్పానని మానుకోకు నాన్నా, తప్పకుండా వెళ్లు. అక్కడ సాకే చేసే గెక్కేకాన్ కంపెనీ వారు 1637లో మొదలుపెట్టారు. 1919లో కట్టిన వాళ్ల పాత ప్రధాన కార్యాలయమే ఇప్పుడు ఫుషిమి యుమె హ్యకుషు అనే కాఫీ హోటలు. అక్కడ కూర్చో, తొందరపడకు. గిడ్డంగుల మందపాటి మట్టిగోడలు చూడు. చలికాలంలో చేసిన సాకేను ఎండాకాలం వేడి నుంచి కాపాడినవి అవే. చూరుకు వేలాడే సుగి అనే జపాన్ దేవదారు ఆకుల బంతి పచ్చగా ఉంటే కొత్త సాకే వచ్చినట్టు, అది నెలలు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. తోరిసే హోటలు దగ్గర షిరగికుసుయి అనే ఊటనీరు వస్తుంది, ఊరివాళ్లు సీసాలు తెచ్చి పట్టుకెళ్తారు. ఆ ఊరి సాకేకు పేరు తెచ్చింది అలాంటి నీళ్లే. నువ్వూ ఒక సీసా నింపుకో, దారిలో పనికొస్తుంది.

గదికి చేరగానే ఫోను చెయ్యి. మన టైము అక్కడికన్నా మూడున్నర గంటలు వెనక కదా, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
అత్తయ్య