ఆ మెతుకు, ఈ వాకిలి

ప్రశ్న: మా అన్నయ్యకు పెద్దపేగులో కణితి ఉంటే లాపరోస్కోపీ (పొట్టకు చిన్న చిన్న గాట్లు పెట్టి చేసే ఆపరేషన్) చేశారు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో ‘సహజ రంధ్రం ద్వారా నమూనా తొలగింపు’ అని ఉంది. ఇది తెలుగేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లిపి తెలుగేనమ్మా.

నమూనా పారసీకం నుంచి వచ్చింది. మచ్చు అని అర్థం. అన్నం ఉడికిందో లేదో పట్టి చూసే మెతుకు నమూనా, కుండెడన్నమూ కాదు. మీ అన్నగారికి తీసింది కణితి ఉన్న పేగుముక్క మొత్తం. దాన్ని పరీక్షకు పంపుతారు కాబట్టి డాక్టర్లు స్పెసిమెన్ అంటారు. మనవాళ్లు నిఘంటువులో మొదట కనబడ్డ మాట తెచ్చి అంటించారు. తొలగింపూ అంతే. పేగు కోసినప్పుడే తొలగింపు అయిపోయింది. ఆ తర్వాతది వెలికితీత. మామూలుగా అందుకు పొట్ట మీద 4, 5 సెంటీమీటర్ల కోత పెడతారు. నొప్పి, చీము, ముందుముందు హెర్నియా, వీటి భయం ఎక్కువగా ఆ కోతతోనే. అది తప్పించడానికే ఒంటికి పుట్టుకతో ఉన్న దారిన తీయడం.

ఆ దారిని రంధ్రం అనడం నాకు రుచించదు. రంధ్రమంటే లోపం కూడా. రంధ్రాన్వేషణ అందులోంచి వచ్చిందే (నేనిప్పుడు చేస్తున్నదీ అదే అనుకోండి). గీత 5వ అధ్యాయంలో దేహాన్ని ‘నవద్వారే పురే’ అన్నారు, తొమ్మిది గుమ్మాల ఊరు. అచ్చతెలుగులో అయితే వాకిలి. ఎంత చక్కటి మాట! ‘వాయి’ అంటే నోరు, దానికి ఇల్లు చేరింది: ఇంటి నోరు. తమిళుల వాయిల్, కన్నడిగుల బాగిలు దీని తోబుట్టువులే. ఆ పాత నోరు మనకు వాతెరలో (పెదవి), వాకట్టులో (నోరు కట్టేయడం) ఇంకా వినబడుతుంది. వింతేమిటంటే, ఈ రంధ్రానికి డాక్టర్లు వాడే ఇంగ్లీషు ఆరిఫిస్‌లోనూ ఉన్నది నోరే. లాటిన్‌లో ‘ఓస్’ అంటే నోరు. పేరులో నోరు, పని మాత్రం ఆ చివర!

అలాగని ఆపరేషన్ కాగితంలో వాకిలి అని రాయమనే ధైర్యం నాకు లేదు. సహజద్వారం నడుస్తుంది, కానీ అదీ సగం ముసుగే. ఆడవారికైతే యోని గుండా కూడా తీస్తారు. ఎటునుంచో చెప్పకుండా కాగితం చేతిలో పెట్టడమేమిటి? ‘కోసిన పేగును మలద్వారం గుండా బయటికి తీశాం’ అంటే బహుశా సరిపోతుంది.

గుండా అనే రాయాలి సుమా. ‘ద్వారా’ అన్నది సంస్కృతంలో ద్వార్ శబ్దానికి తృతీయ, ‘తలుపుతో’ అని. ‘మలద్వారం ద్వారా’ అని రాసేవాళ్లు ఒకే గుమ్మం రెండుసార్లు దాటుతున్నారు.