ర్యాలీ గెలిచినోడికే తక్కువ పాయింట్లు ఎట్లొచ్చినయి?

మీరు రెండు అడిగినరు. 2024 డబ్ల్యూఆర్‌సీలో (ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో) ఒక ర్యాలీలో ఫస్ట్ వచ్చినోడికంటే సెకండ్ వచ్చినోడికి ఎక్కువ పాయింట్లు పడ్డయంట నిజమేనా, ఇప్పుడు కొత్తగా చూడాలంటే ఏ లెక్క గుర్తుపెట్టుకోవాలి అని.

నిజమే. స్వీడన్ ర్యాలీ అది. ఎసాపెక్కా లాపి గెలిచిండు, 19 పాయింట్లు. ఎల్ఫిన్ ఎవాన్స్ సెకండ్, 24 పాయింట్లు. ఆ రోజు టీవీ ముందు నేను గ్రాఫిక్ తప్పేసినరేమో అనుకున్న, మా బామ్మర్ది మాత్రం పడీపడీ నవ్విండు, ఎందుకంటే సేమ్ దెబ్బ మేం అంతకుముందే తిని ఉన్నం.

అదేందంటే, నాది హైటెక్ సిటీలో మామూలు ఉద్యోగం, మేమిద్దరం కలిసి అప్పుడప్పుడు టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీలకు పోతం, ఆయన స్టీరింగు, నేను పక్క సీట్లో షీటు, స్టాప్‌వాచ్, కాలిక్యులేటరు. తెల్వనోళ్లకు చెప్తున్న, టీఎస్‌డీలో స్పీడుగా పోయినోడు గెలవడు, ఇచ్చిన యావరేజ్ స్పీడ్‌లో సెకన్లతో సహా కరెక్టుగా పోయినోడు గెలుస్తడు, మధ్యలో ఎక్కడో చెట్టు కింద కుర్చీ వేసుకొని టైం రాసుకునేటోడు ఉంటడు, వాడు ఎక్కడుంటడో మనకు చెప్పరు. ఎన్ని సెకన్లు తేడా వస్తే అన్ని పెనాల్టీ. మొదటి ఏడాది లెక్క సింపుల్, మొత్తం పెనాల్టీ ఎవరికి తక్కువుంటే వాడే ఫస్టు. రెండో ఏడాది నిర్వాహకులకు ఏం బుద్ధి పుట్టిందో గానీ, పొద్దున బ్రీఫింగ్‌లో, అదీ చేతిలో ఇడ్లీ ప్లేటు ఉన్నప్పుడు, ఈసారి రోజును రెండు భాగాలు చేస్తున్నం, ఏ భాగానికి ఆ భాగం 10, 8, 6 పాయింట్లు అన్నరు. సరే అని తలూపినం.

గచ్చిబౌలి నుంచి చేవెళ్ల మీదుగా అనంతగిరి దాకా పొద్దున భాగం, ఆ మర్రిచెట్ల రోడ్డు మీద మేం మస్తు చేసినం, 22 సెకన్ల పెనాల్టీ, ఫస్టు. మా వెనక ఉన్న టీమ్‌కు 48. ఇంత లీడ్ ఉంది కదా, ఇంక రిస్క్ ఎందుకు అని మధ్యాహ్నం వికారాబాద్ నుంచి వాపస్ వచ్చేటప్పుడు మెల్లగా సేఫ్‌గా వచ్చినం. 40 సెకన్లు, థర్డ్. వాళ్లు 31తో ఫస్ట్. రెండూ కలిపితే మావి 62 సెకన్లు, వాళ్లవి 79. పాత లెక్కలో కప్పు మాదే. కొత్త లెక్కలో మాకు 10కి 6 కలిపి 16, వాళ్లకు 8కి 10 కలిపి 18. అయిపోయింది. లొల్లి పెట్టుకుందామని మా బామ్మర్ది పోయిండు గానీ ఏమని పెడ్తడు, పొద్దున చెప్పిందే కదా.

లాపికి జరిగింది కూడా ఇదే. ర్యాలీ ముఖ్యంగా శుక్ర, శని, ఆదివారాలు నడుస్తది. 2024లో శనివారం సాయంత్రానికి ఉన్న స్థానాన్ని బట్టి 18, 15, 13, 10 అట్ల పాయింట్లు, ఆదివారం ఒక్క రోజు టైములను మాత్రమే విడిగా లెక్కపెట్టి మొదటి ఏడుగురికి 7 నుంచి 1 దాకా, చివరి స్టేజ్‌ను పవర్ స్టేజ్ అంటరు (స్టేజ్ అంటే ట్రాఫిక్ ఆపేసి ఒక్కో కారుకు టైం కట్టే రోడ్డు ముక్క), దానికి ఇంకో 5 నుంచి 1 దాకా. అన్నీ కొడితే 30. మాంటే కార్లో ర్యాలీలో హ్యుందాయ్ డ్రైవర్ న్యూవిల్ ఆ 30కి 30 కొట్టిండు కూడా. లాపి శనివారానికి మంచి లీడ్‌లో ఉండి 18 జేబులో వేసుకున్నడు, ఆదివారం బండి ఇంటికి తెచ్చుకుందాం అని నడిపిండు, ఆ రోజుకు వచ్చింది 1. ఎవాన్స్ ఆదివారం దంచి కొట్టిండు. అంటే మొత్తం ర్యాలీ తక్కువ టైంలో పూర్తిచేసినోడికి ఆ పని చేసినందుకు విడిగా ఒక్క పాయింటు కూడా లేదు! ఇది నాకు అస్సలు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

కానీ డబ్ల్యూఆర్‌సీ వాళ్లు ఊరికే మార్చలేదు. 2010 నుంచి ర్యాలీ మొత్తం ఫలితానికి 25, 18, 15 అట్ల ఇచ్చే పద్ధతి నడిచింది, 2011లో పవర్ స్టేజ్ పెట్టి 3, 2, 1 ఇచ్చిన్రు, 2017 నుంచి దాన్ని 5 పాయింట్ల దాకా పెంచిన్రు. దాంతో ఏమైందంటే ఆదివారం పొద్దున ముందూ వెనకా గ్యాప్ ఉన్నోళ్లంతా టైర్లు దాచుకుంటూ మెల్లగా తిరగడం, శుక్రవారం గుద్దేసి మళ్లీ స్టార్ట్ చేసినోడు కూడా పవర్ స్టేజ్ కోసమే ఎదురుచూడడం, చివరి స్టేజ్‌లో మాత్రం అందరూ ఫుల్లు. చూసేటోళ్లకు ఆదివారం పొద్దున నిద్రొస్తది. దానికి మందు వేయబోయి డోసు ఎక్కువైంది, అంతే.

2024 పద్ధతిలో ఇంకో తిరకాసు ఉండె. శనివారం పాయింట్లు చేతికి రావాలంటే ఆదివారం ర్యాలీ ముగించాలి. ఆ ఏడాది చివరి ర్యాలీ జపాన్ చూడండి, హ్యుందాయ్ డ్రైవర్ టానక్ శనివారం రాత్రి లీడ్‌లో ఉన్నడు, ఆదివారం మొదటి స్టేజ్‌లోనే రోడ్డు దాటి పోయిండు, 18 పాయింట్లు హుష్. దాంతో డ్రైవర్ల టైటిల్ తన టీమ్‌మేట్ న్యూవిల్‌కు ఖాయమైంది, హ్యుందాయ్ చేతిలో ఉన్న టీమ్ టైటిల్ మాత్రం చివరికి 3 పాయింట్ల తేడాతో టొయోటా పట్టుకపోయింది. నిజం చెప్పాలంటే ఆ ఆదివారం నేను అన్నం తినడం మర్చిపోయిన. పద్ధతి బాలేదు అంటూనే మస్తు ఎంజాయ్ చేసిన, ఏం చేస్తం.

ఇగ మీ రెండో ప్రశ్న. 2025లో మార్చిన లెక్క ఇది, గుర్తుపెట్టుకోవడం ఈజీ: ర్యాలీ మొత్తానికి 25, 17, 15, 12, 10, 8, 6, 4, 2, 1. ఆదివారానికి 5, 4, 3, 2, 1. పవర్ స్టేజ్‌కు 5, 4, 3, 2, 1. మొత్తం కొడితే 35. సెకండ్‌కు 18 బదులు 17 అయింది చూసిన్రా, ఫస్టుకు సెకండ్‌కు గ్యాప్ 8 అయింది, ఆ ఒక్క పాయింటు నాకు భలే నచ్చింది. అయినా గెలుపే సర్వస్వం కాదు, ఆ ఏడాది టొయోటా డ్రైవర్ ఓజియే 14 ర్యాలీల్లో 11కే వచ్చి 6 గెలిచిండు, ఎవాన్స్ అన్నీ నడిపి 2 గెలిచిండు, చివరికి తేడా ఎంతనుకున్నరు, 293కి 289, నాలుగే నాలుగు. ఓజియేకు అది తొమ్మిదో టైటిల్.

పాయింట్లతో పాటు కార్లు కూడా మారినయి, హైబ్రిడ్ (ఇంజిన్‌కు తోడుండే కరెంటు మోటారు) తీసేసిన్రు, బరువు 1260 కిలోల నుంచి 1180కి దిగింది, టైర్లు పిరెల్లి పోయి హాంకుక్ వచ్చినయి. ఇంకోటి, ఇంటర్వ్యూలో బూతు మాట దొర్లిందని స్వీడన్‌లో హ్యుందాయ్ డ్రైవర్ ఫూర్మోకు 10,000 యూరోల ఫైన్ వేసిన్రు, కోపమొచ్చి డ్రైవర్లు కెన్యా ర్యాలీలో మైకు ముందు నోరు విప్పలేదు, విప్పినోళ్లు వాళ్ల సొంత భాషలో మాట్లాడిన్రు. ఈ రూల్ మెహదీపట్నం సిగ్నల్ దగ్గర పెడితే సాయంత్రానికి జీహెచ్‌ఎంసీ బడ్జెట్ వచ్చేస్తది.

కొత్తగా చూసేటప్పుడు ఒకటి మాత్రం గమనించండి. శుక్రవారం ఛాంపియన్‌షిప్ లీడర్ ముందు బయల్దేరాలి, మట్టి రోడ్డయితే మీదున్న కంకర అంతా ఊడ్చేది వాడే, వెనకొచ్చేటోళ్లకు గట్టి రోడ్డు దొరుకుతది. శనివారం, ఆదివారం ఆర్డర్ తిరగబడి ఆ ర్యాలీలో లీడ్‌లో ఉన్నోడు చివర్లో వస్తడు. ఇంకా టైమ్ కంట్రోల్‌కు (చెప్పిన టైంకే చేరి హాజరు వేయించుకునే చోటు) నిమిషం లేటయితే 10 సెకన్ల కోత, నిమిషం ముందొస్తే ఏకంగా నిమిషం కోత. ముందొస్తే ఎక్కువ శిక్ష ఏంది అని నవ్వేటోళ్లను మా బామ్మర్ది పక్కన ఒకసారి కూర్చోబెట్టాలి, ఆయన శంకర్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆగి, లేటయినమని భయపడి తొక్కి, ఒకే భాగంలో లేటూ ముందూ రెండూ సాధించిన మనిషి.

యూరప్ ర్యాలీలైతే పవర్ స్టేజ్ ఎక్కువగా మనకు ఆదివారం సాయంత్రం నాలుగు, ఐదు ప్రాంతంలో పడ్తది. అది ఒక్కటే చూసి వదిలేయకండి, పొద్దున స్టేజ్‌ల నుంచే ఆదివారం టైముల టేబుల్ విడిగా ఓపెన్ చేసి పెట్టుకోండి, ఓవరాల్‌లో ఏడో ప్లేసులో ఉన్నోడు అక్కడ ఫస్టులో కనిపిస్తడు.