గర్భం నడిమి నెలల్లో సంతోషం, దిగులు కలిసి వచ్చినప్పుడు ఒకరికొకరు తోడుగా ఉండటం ఎలా?

మీరు అడిగింది ఇదీ: 22వ వారం నడుస్తోంది, స్కాన్ బాగానే వచ్చింది, వేవిళ్లు తగ్గాయి. ఒకరోజు ఉత్సాహంగా ఉంటే మర్నాడు ఊరికే ఏడుపొస్తోంది. మీతోపాటే కడుపుతో ఉన్న నలుగురు స్నేహితురాళ్లు సంబరంగా కనిపిస్తున్నారు కాబట్టి వాళ్లకి చెప్పడానికి నోరు రావట్లేదు. ఇది మామూలేనా, అందరూ కలిసి ఒకరికొకరు ఎలా ఆసరా అవ్వాలి?

మామూలే. ఆ నలుగురిలో కనీసం ఒకరైనా మీలాగే బయటికి చెప్పకుండా ఉండి ఉంటారు.

మొదటి మూడు నెలలు వాంతులతో, నీరసంతో, నిలుస్తుందా లేదా అన్న భయంతో గడిచిపోతాయి. చివరి మూడు నెలలు కాన్పు ఏర్పాట్లతో సరిపోతాయి. ఈ మధ్య నెలల్లోనే ఒంటికి కాస్త తెరిపి దొరుకుతుంది, అప్పటిదాకా పక్కన పెట్టిన ఆలోచనలన్నీ అప్పుడు వచ్చి మీద పడతాయి. ఉద్యోగం ఏమవుతుంది, ఒళ్లు మళ్లీ మునుపటిలా అవుతుందా, నేను తల్లిగా సరిపోతానా అని. పైగా ధైర్యం చెప్పే సందర్భాలు కూడా ఈ నెలల్లోనే తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించిన ప్రకారం గర్భిణికి కనీసం 8 సార్లు చెకప్ జరగాలి. అందులో నడిమి నెలల్లో పడేవి 20వ వారంలో ఒకటి, 26వ వారంలో ఒకటి. మధ్యలో ఆరు వారాల ఖాళీ. ఆ ఖాళీలో భయం వేస్తే అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. స్నేహితురాళ్ల తోడు ఎక్కువగా పనికొచ్చేది ఇక్కడే.

కదలికల సంగతి కూడా అంతే. తొలి చూలు అయితే 18 నుంచి 20 వారాల మధ్య తెలియడం మొదలవుతుంది, కొందరికి ఇంకా ఆలస్యం. మలి చూలు వాళ్లు 16వ వారానికే గుర్తుపడతారు. మావి (ప్లాసెంటా) గర్భసంచి ముందు గోడకి అతుక్కుని ఉంటే బిడ్డకీ పొట్టకీ మధ్య దిండు పెట్టినట్టే, చిన్న తన్నులు పైకి తెలియవు. మొదట్లో ఇవాళ తెలిసిన కదలిక రేపు తెలియకపోవచ్చు. అందుకే స్నేహితురాలు "మావాడు తెగ తంతున్నాడు" అన్నప్పుడు పక్కనున్నామె గుండె జారిపోతుంది. ముందు అడగాల్సింది మావి ఎటువైపు ఉందని. స్కాన్ రిపోర్టులో రాసే ఉంటుంది. అయితే 24 వారాలు నిండినా ఒక్క కదలికా తెలియకపోతే మాత్రం డాక్టరుకి చెప్పి చూపించుకోవాలి.

బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి 18 నుంచి 22 వారాల మధ్య చేసే స్కాన్‌ని చాలామంది టిఫా అంటారు. అది బాగా వచ్చాక కూడా దిగులు పోకపోవడం వింతేమీ కాదు. వారాల తరబడి బిగబట్టిన భయం ఆ రోజుతో వదులవుతుంది, వదిలిన చోట ఏడుపొస్తుంది. రిపోర్టులో అర్థం కాని మాట ఒక్కటి కనిపించినా అదే పట్టుకుంటాం. ఎక్కువమందిని కంగారుపెట్టేవి రెండు. "మావి కిందికి ఉంది" అని 20వ వారంలో రాస్తే, చాలామందిలో గర్భసంచి కింది భాగం సాగుతున్న కొద్దీ అది పైకి జరిగినట్టవుతుంది. 32వ వారం ప్రాంతంలో మళ్లీ చూస్తారు. "గుండెలో తెల్ల చుక్క" అన్నది ఒక్కటే ఉండి, మిగతా పరీక్షలన్నీ బాగుంటే బిడ్డ గుండె పనిచేయడానికి దాంతో ఇబ్బంది లేదు. ఇలాంటి మాట ఎవరి రిపోర్టులో వచ్చినా డాక్టర్ని అడగాల్సిన మూడు ప్రశ్నలు కాగితం మీద రాసివ్వండి: దీని అర్థం ఏమిటి, బిడ్డకి దీనివల్ల ఏమవుతుంది, మళ్లీ ఎప్పుడు చూడాలి. కంగారులో ఉన్న మనిషికి ఆ గదిలో ఒక్క ప్రశ్నా గుర్తుకురాదు.

మనసు సంగతికి వెళ్లేముందు ఒంటిని చూడాలి. గర్భంలో రక్తంలోని ద్రవభాగం మామూలు కన్నా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, ఎర్ర కణాలు అంత వేగంగా పెరగవు. అందుకే నడిమి నెలల్లో హిమోగ్లోబిన్ కొంత పడిపోవడం సహజం. అది 10.5 కన్నా తగ్గితే మాత్రం రక్తహీనత కిందే లెక్క, అప్పుడు ఆయాసం, చిరాకు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అన్నీ వస్తాయి. థైరాయిడ్ తేడా చేసినా ఇవే లక్షణాలు. ఐరన్ మాత్ర వేసుకుంటున్నా పెరగకపోతే, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటున్నారేమో చూడండి. రెండూ ఒకేసారి పడితే ఐరన్ సరిగా ఒంటబట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. గర్భానికి ముందు నుంచీ మనసుకి సంబంధించిన మందులు వాడుతుంటే, బిడ్డకి ఏమవుతుందోనని సొంతంగా ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. మార్చాలా, తగ్గించాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి.

ఇక మీ ఐదుగురి సంగతి. ఆసుపత్రులు నడిపే గర్భిణుల బృందాల్లో సాధారణంగా ఒకే నెలలో కాన్పు కావాల్సిన 8 నుంచి 12 మందిని కూర్చోబెడతారు, నడిపించడానికి శిక్షణ ఉన్నవాళ్లు ఉంటారు. మీరే నడుపుకునేటప్పుడు ఐదారుగురు చాలు, అంతకు మించితే నోరున్నవాళ్లే మాట్లాడతారు. వారానికి ఒక గంట పెట్టుకోండి. ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు. ఆ సమయంలో మిగతావాళ్లు అడ్డురాకూడదు, "నాకైతే" అని మొదలుపెట్టకూడదు. చెప్పబోయే మనిషిని ముందే ఒక మాట అడగాలి: "వినమంటావా, సలహా చెప్పమంటావా?" ఈ ఒక్క ప్రశ్నతో సగం మనస్తాపాలు తప్పుతాయి. ఏడుస్తున్న మనిషికి కావాల్సింది పక్కన కూర్చునే తోడు, మనం మాత్రం ఆత్రంగా పరిష్కారాలు చెప్పేస్తాం.

మాటల్లో జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. "పాజిటివ్‌గా ఆలోచించు, బిడ్డ మీద ప్రభావం పడుతుంది" అంటే ఆ మనిషి దిగులుకి తప్పు చేశానన్న భావం కూడా తోడవుతుంది. ఒకరోజు ఏడ్చినంత మాత్రాన బిడ్డకి ఏమీ కాదు. "ఎన్నాళ్లో ఎదురుచూశావు, ఇంకేం కావాలి" అనేది ఇంకా గుచ్చుకుంటుంది. చికిత్స తీసుకుని గర్భం దాల్చినవాళ్లు, మాకు బాధపడే హక్కు కూడా లేదేమో అని అసలే నోరు కట్టేసుకుని ఉంటారు. అనుకోకుండా కడుపు వచ్చినామెకి ఇంకా బిడ్డ మీద ప్రేమ పుట్టలేదని సిగ్గు. ఆ ప్రేమ కొందరికి స్కాన్‌లో చూసినప్పుడు, కొందరికి మొదటి కదలికతో, కొందరికి పుట్టిన కొన్ని వారాలకి గానీ రాదు. ఇంతకుముందు గర్భం పోయినవాళ్లకి, అప్పుడు పోయిన వారం దగ్గరపడే కొద్దీ భయం పెరుగుతుంది. ఆ వారం ఏదో అడిగి గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో "ఎలా ఉన్నావు?" అని ఒక్క ఫోన్ చేయండి.

పోలికలు ఇలాంటి బృందాలని పాడుచేసినంతగా మరేవీ చేయవు. పొట్ట ఎంత పైకి కనిపిస్తోందన్నది ఎత్తుని బట్టి, కండరాల బిగువుని బట్టి, ఎన్నో కాన్పు అన్నదాన్ని బట్టి, ఆ పూట బిడ్డ పడుకున్న తీరుని బట్టి మారుతుంది. దానికి కొలత వేరే ఉంది. 24వ వారం తర్వాత గర్భసంచి ఎత్తుని టేపుతో కొలిస్తే సుమారుగా ఎన్ని వారాలో అన్ని సెంటీమీటర్లు రావాలి, రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ. ఇది చూడాల్సింది డాక్టరు, నర్సు. స్కాన్‌లో చెప్పే బరువు కూడా అంచనాయే, 10 నుంచి 15 శాతం తేడా ఉండొచ్చు. కాబట్టి మీ మధ్య పొట్ట ఫొటోల పోటీ, గ్రాముల పోటీ వద్దని మొదటిరోజే అనుకోండి. భయంకరమైన కాన్పు కథలు చెప్పాలనిపిస్తే, వినడం ఇష్టమేనా అని అడిగి చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది "నాకూ అంతే" అన్న మాట. మనసు సంగతిలో ఇంతకన్నా మందు లేదు. ఒంటి లక్షణం విషయంలో ఇంతకన్నా ప్రమాదమూ లేదు. ఒకామె "రెండ్రోజులుగా తల పగిలిపోతోంది, కళ్లముందు మెరుపుల్లా కనిపిస్తున్నాయి" అంటే, పక్కనున్నామె మంచి మనసుతోనే "నాకూ అంతే, నిద్ర చాలక" అంటుంది. 20 వారాలు దాటాక అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు. కుడి పక్కటెముకల కింద నొప్పి, మొహం చేతులు ఉన్నట్టుండి వాయడం, బీపీ 140/90 చేరడం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు చూపించుకోవాలి. రక్తం కనిపించినా, నీళ్లలా కారినా, పొట్ట బిగుసుకోవడం ఒక వరసలో పదేపదే వస్తున్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, మూత్రంలో మంటగా ఉన్నా బృందంలో చర్చకి పెట్టకూడదు. రోజూ తెలుస్తున్న కదలికలు తగ్గినా అంతే, మర్నాటిదాకా ఆగకూడదు. తుమ్మినప్పుడో, పక్కకి తిరిగినప్పుడో గజ్జల్లో చురుక్కుమని లాగి వెంటనే తగ్గిపోయేది మాత్రం గర్భసంచిని పట్టి ఉంచే తంతువులు సాగడం వల్ల వచ్చేది, అది చాలామందికి ఉంటుంది. అయినా తేడా తేల్చే పని మీది కాదు. అలవాటు చేసుకోవాల్సిన జవాబు ఇది: "నాకు వచ్చింది వేరు, నీది వేరు కావచ్చు. ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి, జవాబు వచ్చేదాకా నేను నీతోనే ఉంటా."

దీనికోసం ఐదుగురివీ వివరాలు ఒకచోట రాసి ఉంచుకోండి. కాన్పు తేదీ, బ్లడ్ గ్రూప్, పడని మందులు, ఆసుపత్రి నంబరు, ఇంట్లో ఒకరి నంబరు. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదు, మలబద్ధకానికి వాడేదైనా సరే.

మామూలు దిగులు ఎక్కడ జబ్బుగా మారుతుందో కూడా తెలిసి ఉండాలి. మామూలు దిగులు వస్తూ పోతూ ఉంటుంది, నవ్వొచ్చే మాటకి నవ్వొస్తుంది. రెండు వారాల పాటు, రోజులో ఎక్కువ భాగం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, పడుకునే వీలున్నా నిద్రపట్టకపోవడం, నేను పనికిరాను అనిపించడం ఉంటే అది వేరు. గర్భిణుల్లో సుమారు నూటికి పదిమందికి డిప్రెషన్ లాంటి మానసిక సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళి దీన్ని పసిగట్టడానికి వాడతారు. కాన్పు అయినవాళ్ల కోసం రాసినా గర్భంలోనూ పనికొస్తుంది. గడిచిన ఏడు రోజుల మీద 10 ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. సాధారణంగా 13, అంతకు మించి వస్తే డాక్టరు చూడాలంటారు. 10 నుంచి 12 వస్తే రెండు వారాల్లో మళ్లీ వేసుకుని చూడండి. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి "ఎప్పుడూ లేదు" తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇది జబ్బుని తేల్చదు, ఎవరికి సాయం కావాలో చూపిస్తుంది.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉందేమో అని అనుమానం వస్తే మెసేజ్‌లో అడగొద్దు, ఫోన్ ఇంకెవరి చేతిలోనైనా ఉండొచ్చు. ఎదురుగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

ఒకరికి చెడ్డ వార్త వచ్చినప్పుడు మిగతా నలుగురూ ఏమనాలో తెలియక మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనం ఆమెకి తనని వెలివేసినట్టు అనిపిస్తుంది. "చాలా బాధగా ఉంది. మాట్లాడాలనిపిస్తే ఏ వేళైనా ఫోన్ చెయ్యి, జవాబు ఇవ్వక్కర్లేదు" అని రాస్తే సరిపోతుంది. ఆమెని అడగకుండా గ్రూపులోంచి తీసేయకండి. ఉంటావా, కొన్నాళ్లు ఆగుతావా అని ఒకరు విడిగా అడగాలి. మిగిలినవాళ్లకి తమ బిడ్డ క్షేమంగా ఉన్నందుకు ఊరట కలుగుతుంది, ఆ ఊరటకి సిగ్గూ వేస్తుంది. అది ఆమె ముందు కాకుండా మీలో మీరు చెప్పుకోండి. ఇంకొకటి, అందరూ ఎప్పుడూ ఒకే మనిషి మీద వాలిపోతే ఆమె లోపల్లోపల అలసిపోతుంది. వారానికొకరు బాధ్యత తీసుకోండి, రాత్రి పదింటి తర్వాత ఆపద అయితే తప్ప మెసేజ్‌లు వద్దనుకోండి.

మొదలుపెట్టడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. ఇవాళే వాళ్లకి ఇలా రాయండి: "స్కాన్ బాగానే వచ్చింది. అయినా ఈ వారం మూడుసార్లు ఏడ్చాను. సలహాలు వద్దు, ఒక పావుగంట వింటారా?" ఎవరూ పలక్కపోతే ఆ నలుగురిలో మీకు బాగా దగ్గరైన ఒకరికి నేరుగా ఫోన్ చేయండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ రిపోర్టులు ఒకసారి బయటికి తీసి తేదీలు చూడండి. పాతవైతే 26వ వారం చెకప్ దాకా ఆగకుండా ఈ వారమే చేయించుకోండి.