గజ్జల్లో బిళ్ళ కంటే ఆ చిన్న మాత్రలే ఆందోళనకరం

ప్రశ్న: నా వయసు 46. మిర్యాలగూడ దగ్గర వ్యవసాయం చేస్తాను. పది రోజుల క్రితం అరికాలిలో సర్కారు తుమ్మ ముల్లు దిగి పాదం వాచింది, చీము పట్టింది, గజ్జల్లో బిళ్ళ కట్టి జ్వరం వచ్చింది. నడుము నొప్పికి అప్పుడప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న మాత్రలే వాడుతున్నాను. వేసుకున్న పూట నొప్పి పోయి ఆకలి బాగా అవుతోంది, మళ్లీ వాస్తోంది. తెల్ల రక్తకణాలు 16,400 ఉన్నాయి. ఇమ్యూనిటీ బాగున్నట్టేనా? ఇంకా పెరగాలంటే ఏం తినాలి?

జవాబు: తెల్ల కణాలు పెద్దవారిలో మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 ఉంటాయి. మీ సంఖ్యను చూసి సంతోషించడానికి లేదు. ముల్లుతో లోపలికి వెళ్లిన బాక్టీరియాను అక్కడే కాపురముండే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లు పట్టుకుని సైటోకైన్లనే రసాయనాలతో కబురు పంపుతాయి. ఆ కబురందిన న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు రక్తనాళపు గోడను పట్టుకుని, సందుల్లోంచి దూరి, గాయం వద్దకు చేరి సూక్ష్మజీవులను మింగి తామూ చనిపోతాయి. చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. ఈలోగా కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు సూక్ష్మజీవి ముక్కలను గజ్జల్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్లి టి కణాలనే మరో రకం తెల్ల కణాలకు చూపుతాయి, వాటి సాయంతో బి కణాలనే ఇంకో రకం తెల్ల కణాలు యాంటీబాడీల తయారీకి దిగుతాయి. మీకు కట్టిన బిళ్ళ ఆ గ్రంథే కావచ్చు, దాన్ని పిసకకండి.

మాత్రల పేరు రాయలేదు కనుక రూఢిగా చెప్పలేను గాని, పూటలోనే నొప్పి పోయి ఆకలి పెరిగిందంటే అవి స్టెరాయిడ్లని నా అనుమానం. స్టెరాయిడ్ ఆ కబుర్లను అణచివేసి, న్యూట్రోఫిల్స్‌ను నాళపు గోడను పట్టుకోనివ్వదు. గాయంలోకి దిగలేక అవి రక్తంలోనే తిరుగుతుంటే రిపోర్టులో సంఖ్య పెరిగి కనిపిస్తుంది. మీ 16,400లో ఇన్ఫెక్షన్ వాటా ఎంతో, మాత్రల వాటా ఎంతో కాగితం చూసి చెప్పలేము. పైగా అవి షుగర్‌ను పెంచుతాయి, షుగర్ పెరిగితే ఈ కణాలు మరింత మందగిస్తాయి. పది రోజులు ఆగడమే తప్పు, పాత మాత్రలతో ఆగడం ఇంకా పెద్ద తప్పు.

ఈ రోజే మాత్రల షీటు వెంట తీసుకుని సర్జన్‌కు చూపించండి. ముల్లు ముక్క లోపల మిగిలిందేమో అల్ట్రాసౌండ్‌లో చూడవలసి రావచ్చు. షుగర్ పరీక్ష, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. వారాల తరబడి వాడి ఉంటే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరే క్రమంగా తగ్గిస్తారు. చర్మం నల్లబడినా, ఎరుపు పిక్క మీదికి పాకినా, దవడ బిగుసుకున్నా, మూత్రం తగ్గినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి.

తిండి మాటంటారా, ఇంట్లో వండే పప్పు, గుడ్డు, ఆకుకూర చాలు; ఇమ్యూనిటీ పొడులకు పెట్టే డబ్బుతో ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.